మెడ వెనక బిళ్ళ

నా చిన్నప్పుడు నాకు తెలిసిన బిళ్ళలు రెండే. వాకిట్లో బొగ్గుతో గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతుతూ తొక్కేది ఒకటి, జ్వరం వస్తే మింగేది ఇంకొకటి. మొదటిదంటే ప్రాణం, రెండోదంటే ఏడుపు. మూడో బిళ్ళ కూడా ఉందని నా తొమ్మిదో ఏట, తెనాలిలో మా ఇంటి అరుగు మీద తెలిసింది. ఆ తర్వాత జన్మంతా నాకు కూడు పెట్టింది అదే.

ఆ వారం నాకు జ్వరం వచ్చింది. ఎప్పుడూ మాత్రను నూరి తేనెలో కలిపి నాకించే మా అమ్మ, అడ్డగాడిదలా పెరిగావు మింగమంటూ అలాగే చేతిలో పెట్టేసింది. కళ్ళు మూసుకుని మింగాను. జ్వరం పోయింది. మర్నాడు జడ వేస్తుంటే అమ్మ చెయ్యి నా మెడ వెనక ఆగిపోయింది. పక్కింటి మామ్మను కేకేసి, “మెడలో బిళ్ళ కట్టిందండి” అంది.

మింగిన బిళ్ళ కడుపులోకి దిగకుండా మెడలో ఇరుక్కుందన్నమాట! మామ్మ వచ్చి నొక్కి చూసి, ఇది మెడలో గడ్డలు లేచే గండమాలేనని తేల్చేసింది. రేపల్లె అవతల ఎవరో వాతలు పెడతాడట, ఎంత గడ్డయినా కరగాల్సిందేనట. మా అమ్మకు గడ్డ అంటేనే చచ్చేంత భయం. సోమవారం పొద్దున్నే బయల్దేరదామంది.

వాత తప్పాలంటే ఆ బిళ్ళను నేనే కిందికి దించాలి. కూజా ఖాళీ అయ్యేదాకా నీళ్ళు తాగాను. గళ్ళలో నిలబడి ఎంత ఎత్తు ఎగరగలనో అంత ఎత్తు ఎగిరాను. పొట్టలో నీళ్ళు బిందెలో నీళ్ళలా తొణికాయి గానీ మెడలో బిళ్ళ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక నేను పోయినట్టేనని ఖాయం చేసుకుని అరుగు మీద ఏడుస్తూ కూర్చున్నాను. ఆ ఆదివారం చర్చి అయ్యాక మా మేనత్త బాపట్ల నుంచి రైల్లో వచ్చింది. ఆవిడ అక్కడ ఆసుపత్రిలో నర్సు.

కూజాడు నీళ్ళు తాగిన సంగతితో సహా అంతా చెప్పాను. అత్త నవ్వీ నవ్వీ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. మింగినవి పోయే దారి ముందువైపు ఉంటుందని చెప్పి, నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా వేలు ఆ బిళ్ళ మీద పెట్టి దాని పక్కనే తన వేలు పెట్టింది. నొక్కితే నొప్పిగా ఉందా, కదులుతోందా అని అడిగింది. నొప్పీ ఉంది, జారిపోతూ కూడా ఉంది.

“అయితే మంచి బిళ్ళే. రాత్రిపూట మన వీధిలో విజిల్ ఊదుతూ తిరుగుతాడే గూర్ఖా, అలాంటివాళ్ళు ఒంట్లో కూడా ఉంటారు. దొంగొస్తే ఉబ్బి నిలబడతారు. గూర్ఖాకి వాతలు పెడితే దొంగ దొరుకుతాడా ఏమిటే? ఈయన కాపలా కాసే వీధి ఏదో నువ్వే వెతుకు.”

వేలు మెల్లగా పైకి పాకించాను. జుట్టులోకి పోగానే ఎప్పటిలాగే దురద పుట్టి బరబరా గోక్కున్నాను. అత్త ఆ పాయ విడదీసి చూసింది. నిండా పేలు, వాటిని గోకి గోకి నేను చేసుకున్న పుళ్ళు! చావటం లేదన్న సంతోషంలో, నా నెత్తిన పేలున్నాయని వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. అమ్మ సిగ్గుతో చచ్చింది. మామ్మ తన తల గోక్కుంటూ మెల్లగా వాళ్ళింట్లోకి జారుకుంది.

వాతల ప్రయాణం ఆగిపోయింది. అత్త వేపాకు నీళ్ళతో తల కడిగి, పుళ్ళకు మందు రాసి, సాయంత్రమంతా పేలదువ్వెనతో దువ్వింది. ఆ దువ్వెన కింద తల వంచుకునే అడిగాను, గూర్ఖాయే దొంగైతే ఏం చేస్తారని. అత్త ఈసారి నవ్వలేదు. దువ్వెన పక్కన పెట్టింది.

“అప్పుడు కంచే చేను మేసినట్టేనే. చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. వీధంతా వెతికినా దొంగ దొరకడు, బిళ్ళా తగ్గదు. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. నాకు తెలిసింది ఇంతే. మిగతాది నువ్వు చదువుకుని నాకు చెప్పు.”

చదువుకున్నాను, డాక్టర్నయ్యాను. కాపలావాడే దొంగగా మారే ఆ క్యాన్సర్ పేరు లింఫోమా. అది ఏ రకమో ఎలా పోల్చాలి, దేనికి ఏ మందు పనిచేస్తుంది అన్న పరిశోధనలోనే నా జుట్టు నెరిసింది. తెలిసినవన్నీ సెలవులకు బాపట్ల వెళ్ళి అత్తకు చెప్పేదాన్ని. ఆవిడ పరీక్ష పెట్టే టీచరులా వినేది.

మొన్నామధ్య కొలకలూరు నుంచి ఒకావిడ వచ్చింది. మెడలో బిళ్ళ, నొప్పి లేదు. ముక్క తీసి చూస్తే అదే జబ్బు. నేను మందు రాస్తుంటే బెరుకుగా అడిగింది, “బిళ్ళ మింగితే ఈ బిళ్ళ కరుగుద్దాండి?” నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. నీ రకానికి కరిగే అవకాశం బాగా ఉందమ్మా అన్నాను.

కొన్ని నెలలకు మళ్ళీ వచ్చింది. అలవాటుగా ఆవిడ వేలు మెడ మీద పెట్టించి, పక్కనే నా వేలు పెట్టాను. రెండు వేళ్ళూ ఆ వీధంతా తిరిగాయి. ఆవిడ మొహం విప్పారింది.

“దొరకట్లేదండి” అంది.