మేనరికం తప్పించిన యశోదమ్మ

ధర్మవరంలో మా ఎదురింటి యశోదమ్మను వీధంతా గయ్యాళి అనేది. కాదని పోట్లాడాలంటే నిజం చెప్పాలి. చెప్పనని ఆమెకు మాటిచ్చాను. ఇప్పుడామె లేదు. ఆ నిజం ఇంకెవరికీ కీడు చేయదు.

వాళ్లది పట్టు నేసే ఇల్లు. ఇంట్లో సగంమందికి కనురెప్పల మీద, మడమల వెనక పసుపుపచ్చని బుడిపెలు లేచేవి. అది లక్ష్మీకటాక్షమని వాళ్ల నమ్మకం. బుడిపెలున్న పిల్లను బుడిపెలున్న పిల్లవాడికే ఇచ్చి, లక్ష్మిని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. మగవాళ్లు నలభై నిండకుండానే గుండె పట్టుకుని ఒరిగిపోతుంటే మాత్రం దిష్టి అనుకున్నారు. యశోదమ్మ తమ్ముడు బాలప్ప కూడా అలాగే పోయాడు. అతని కూతురు ఈశ్వరికి పదిహేనో ఏట రెప్పల మీద బుడిపెలు కనబడగానే, "నా కోడలు ఇదే" అని యశోదమ్మ వీధంతా బెల్లం పంచింది. నేనూ తిన్నాను, నాకేం తెలుసు?

అరవై రెండులో, అవే బుడిపెలున్న ఆమె కొడుకు నారాయణప్పకు ఎదలో నొప్పి వచ్చింది. హిందూపురం డాక్టరు దగ్గరికి నేను తోడు పోయాను. డాక్టరు పోయినవాళ్ల పేర్లూ వయసులూ అడిగి రాసుకుని, నారాయణప్పను బయట కూర్చోబెట్టాడు.

"ఆ బుడిపెలు కొవ్వమ్మా. మీ రక్తంలోనే వస్తోంది, గుండెనూ అదే పట్టుకుంటోంది. ఇద్దరికీ ఉండి పెళ్లి చేస్తే, పుట్టే బిడ్డకు రెట్టింపు రావచ్చు. అలాంటి బిడ్డ ఇరవై ఏళ్లు బతకడం కష్టం."

"మందు లేదా సామీ?"

"ఇప్పటికైతే లేదు."

రైలు పెనుకొండ దాటాక, కొడుకు నిద్రపోయాడని చూసుకుని ఆమె నా చేయి పట్టుకుంది.

"ఇది బయటపడితే ఈశ్వరిని ఎవురు చేసుకుంటారు పుల్లక్కా? చెప్పకుండా పెండ్లి చేస్తే నా మనవళ్లను నేనే సంపుకున్నట్ల. యాడికి పోవల్ల నేను?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

వారం తిరగకముందే బాలప్ప భార్య శంకరమ్మ ముహూర్తం అడగడానికి వచ్చింది.

"నీ బిడ్డ మా ఇంటికొద్దు," అంది యశోదమ్మ.

"అదేంది వదినా! ఏం తప్పు జేసినాది?"

"నాకు నచ్చలేదు. అంతే."

శంకరమ్మ మా వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసింది. రాకపోకలు తెగిపోయాయి. ఈశ్వరిని పెనుకొండలో బయటి సంబంధానికి ఇచ్చారు. నారాయణప్ప ఇంకెవరినీ చేసుకోనని మొండికేసి, తల్లితో మాట్లాడటం మానేశాడు. వాడికీ ఆమె కారణం చెప్పలేదు. చెబితే, చావు తేదీ చెప్పినట్టే కదా! ఒకే ఇంట్లో తల్లీ కొడుకూ ఐదేళ్లు మూగవాళ్లలా బతికారు. చూడలేక మా తలుపు వేసుకునేదాన్ని.

అరవై ఏడులో నారాయణప్ప మగ్గం దగ్గరే పోయాడు. ముప్పై నాలుగేళ్లు.

శవం దగ్గరికి శంకరమ్మ వచ్చింది. వెంట ఈశ్వరి, చంకలో బిడ్డ, పక్కన ఆమె అత్త.

"నా బిడ్డ ఉసురు తగిలెగదా వదినా, నీ కొడుక్కి!" అని శంకరమ్మ గుండెలు బాదుకుంది.

నాకు ఒళ్లు మండిపోయి నోరు తెరిచాను. యశోదమ్మ ఈశ్వరి అత్తను చూసింది, నన్ను చూసింది, వద్దన్నట్టు తల ఊపింది. కొడుకు తల ఒళ్లో పెట్టుకునే, శంకరమ్మకు జవాబిచ్చింది.

"అవును శంకరమ్మా. తగిలినాది."