నానాకి మాటిచ్చిన చెయ్యి

ఎబో అన్నోబిల్ చేతికి వచ్చిన రోగాన్ని ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, చేపలు పొగబెట్టుకుని బతికే అరబా బెంట్సివా. కోతల పండుగ ఆదివారం నాడు చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని, తను పెంచిన ఎబో పియానో వాయిస్తుంటే చూస్తోంది. వినడానికి అందరూ వింటారు, ఆవిడకి చూడటం అలవాటు. పొయ్యి మీద చేపను ఎప్పుడు తిరగెయ్యాలో ఆవిడకి ముక్కు కంటే ముందు కన్నే చెబుతుంది. పాట మంచి జోరులో ఉండగా ఎబో కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ ఎండకి వాడిన ఆకు అంచులా లోపలికి ముడుచుకుపోయాయి. పైన పలకాల్సిన స్వరం పలకలేదు. పాస్టరు గారు మాత్రం కళ్ళు మూసుకుని తలూపుతూనే ఉన్నాడు. ఆయనకి పలికినదీ పలకనిదీ ఒకటే.

బయటికొచ్చాక అడిగింది, వేళ్ళు దాచుకుని వాయించడం ఏ దేశపు సోకురా అని. ఎబో నవ్వేసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అదే చేత్తో మొక్కజొన్న కెంకే ముద్ద విరిచి, మిరప పచ్చడిలో అద్ది, చేప ముల్లు ఒడుపుగా లాగి పక్కన పెట్టి తిన్నాడు. అయిదు వేళ్ళూ చెప్పినట్టు విన్నాయి. అరబా గుండెలో రాయి పడింది అప్పుడే. దెబ్బ తగిలిన చెయ్యి అయితే తిండి దగ్గరా మొరాయించాలి. అన్నిటికీ లొంగి ఒక్క పియానో దగ్గరే ఎదురు తిరుగుతోందంటే, అది నొప్పి కాదు. ఎవరో పట్టుకుని లాగుతున్నారు.

ఎవరో ఆవిడకి అప్పుడే తెలుసు. పేరు మాత్రం నోటితో అనలేదు.

ఎబోని కన్నది అరబా చెల్లెలు. బొడ్డు కొయ్యకముందే కన్ను మూసింది. పెద్దమ్మ బతికుండగా బిడ్డకి తల్లి లేదనే మాట ఆ తీరంలో ఎవరూ అనరు. అరబా వాణ్ణి వీపుకి కట్టుకుని పొయ్యిల మధ్య తిరిగింది, సంతకి తిరిగింది, చర్చికీ తిరిగింది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చునేది, అయినా నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకంటే ఆ చర్చిలో పాత ఆచారం ఒకటుంది. ప్రసంగం నడుస్తుండగా చదువురాని ఆడదానికి మనసు కదిలిందా, లేచి పాట ఎత్తుకోవచ్చు. బైబిలు కథే, కానీ సొంత మాటల్లో, సొంత వరసలో. మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. పాట అయ్యేదాకా పాస్టరు నోరు కట్టుకుని నిలబడాల్సిందే. అరబా అలా చాలామంది పాస్టర్ల నోళ్ళు కట్టించింది. వాళ్ళలో కొందరి ప్రసంగాలకి అది మేలే చేసింది.

వీపు మీద ఆ పాటలు విని పెరిగిన పిల్లాడు, కాళ్ళు తిత్తులకి అందకముందే చర్చిలోని తొక్కుడు హార్మోనియం మీద చేతులు వేశాడు. ఎడమచేత్తో పడవలవాళ్ళ డోలు, కుడిచేత్తో పెద్దమ్మ గొంతు. ఎవరూ నేర్పలేదు. తర్వాత ఎన్ని దేశాలు తిరిగి ఎంత పెద్ద పాటలు కట్టినా వాడి సంగీతానికి పునాది అదే. ఎడమవైపు డోలు నడుస్తుంది, కుడివైపు ఆడది పాడుతుంది.

ఊరికి తల్లిలాంటి రాణమ్మ నానా క్వాన్సిమా ఒకనాడు ఆ వాయింపు విని పల్లకీ ఆపించింది. ఆవిడ తాతల నాటి వ్యాపారం రోజుల్లో ఓడ మీద వచ్చిన పియానో ఒకటి ఆవిడ సావిట్లో ఉప్పుగాలికి తుప్పు పడుతూ ఉంది. దాన్ని మోయించి తెచ్చి అరబా గుమ్మంలో దింపించింది.

"ఊరికే ఇవ్వట్లేదురా అబ్బాయ్," అంది నానా. "నేను ఊరెళ్ళే రోజున నీ కుడిచేత్తో నన్ను సాగనంపాలి. ఎడమచేత్తో ఇచ్చింది బతికుండగా నేను పుచ్చుకోలేదు. అటుపోయాక కూడా పుచ్చుకోను."

"అలాగే నానా," అన్నాడు ఎబో. ఇంకా పాలపళ్ళు ఊడలేదు వాడికి.

నానా మనిషి జిన్ను సారా సీసా మూత తీసి నేల మీద చిలకరించి, పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచి సాక్ష్యం పెట్టాడు. పాస్టరు గారు ఆ కాసేపూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నపిల్లాడి మాటే కదా అనుకుంది అరబా. నేల కింద చెవులున్నవాళ్ళకి చిన్నా పెద్దా తేడా ఉండదని అప్పటికి తోచలేదు.

పియానో కడుపులో చిన్న బల్బు వెలిగించి పెట్టాలన్నారు, చెమ్మ పట్టకుండా. కరెంటు పోయినప్పుడల్లా తీగలు పులిసిన పిండిలా పొంగి అపశ్రుతి పలికేవి. ఆ పియానో మీదే ఎబో మనిషయ్యాడు. కేప్ కోస్ట్‌లో చదివాడు, చర్చివాళ్ళు పంపితే చలిదేశం పోయి చదివాడు, తిరిగొచ్చి కేప్ కోస్ట్‌లోనే పిల్లలకి చెప్పుకుంటూ సొంతంగా కట్టడం మొదలెట్టాడు. 'పొగ' అని ఒకటి, 'వల లాగే వేళ' అని ఒకటి. తెల్లదేశాల్లో పెద్ద పెద్దవాళ్ళు అవి వాయించుకున్నారట. అరబా ఒక్కసారి అక్రా వెళ్ళి వింది. జనం ఏదో చావుకబురు వినబోతున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. మధ్యలో తన పాటే వచ్చేసరికి ఆవిడ లేచి గొంతెత్తింది. టై కట్టుకున్న కుర్రాడెవడో పరుగున వచ్చి, అమ్మమ్మా కూర్చోండి, ఇక్కడ పాడకూడదు అన్నాడు. నా పాట నన్నే పాడొద్దంటారా అని అంత మందిలో అడిగేసి బయటికొచ్చింది. మళ్ళీ ఆ హాలు గడప తొక్కలేదు.

కోతల పండుగ తర్వాత ఎబో వేళ్ళు ఇంకా లోపలికి పోయాయి, పాఠాలు మాని పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయాడు. అక్రా డాక్టరు చేతిలో లోపమేమీ లేదన్నాడు. తల పంపిన ఆజ్ఞ వేళ్ళకి చేరేలోపు దారి తప్పుతోందట, జీవితమంతా ఒకే పని చేసిన చేతులకి ఇలా అవుతుందట, మందు లేదట. తెలియదని చెప్పడానికి ఇంత పొడుగు మాటలెందుకో అంది అరబా. ప్రార్థన చేసే ఆడవాళ్ళ దగ్గర నూనె రాయించింది. పాస్టరు గారికి తెలియకుండా మంకెసిమ్‌లో నాటువైద్యుడి దగ్గరికి పోయి వేళ్ళకి పసరు కట్టించింది. కట్టు ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది. విప్పి పియానో మీద పెట్టగానే ఆ రెండు వేళ్ళూ మళ్ళీ గుహలోకి పోయినట్టు పోయేవి.

ఆ వానల్లోనే నానా క్వాన్సిమా ఊరెళ్ళిందన్నారు. రాణమ్మలు చనిపోరు, ఊరెళతారు. ఏర్పాట్లన్నీ అయ్యేదాకా ఆవిణ్ణి ఐసు గదిలో పడుకోబెట్టారు. ఊళ్ళో గోడగోడకీ ఆవిడ బొమ్మ అంటించారు. బొమ్మ కింద ఎబో పేరు, పియానో వాయించును అని. అరబా సంతకి వెళ్ళే దారి పొడుగునా నానా కళ్ళు వెంట వచ్చేవి. ఆవిడ నోటితో అనకుండా దాచుకున్న పేరు నానాదే.

ఒక సాయంత్రం ఎబో పొయ్యిల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఎడమచేత్తోనే వాయించేలా ఒకటి రాశాను. బాగా కుదిరింది."

"ఎవరికి?"

"నానాకి."

అరబా చేపలు తిరగెయ్యడం ఆపలేదు. "ఎదురింటి ఎకువాకి ఉప్పుగల్లు ఎడమచేత్తో అందిస్తే నెల్లాళ్ళు మొహం చూడదు. నువ్వు ఊరి తల్లికి ఏకంగా పాట అందిస్తావా?"

"పైదేశాల్లో ఒంటిచేత్తో వాయిస్తే మెచ్చుకుంటారే."

"అయితే నానాని పైదేశంలో పాతిపెట్టమని చెప్పు."

వాడు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోతున్న పామును చూసినట్టు చూస్తున్నాడు.

మాట ఎలా పొక్కిందో గానీ, మర్నాటికే రాజుగారి తరఫున మాట మోసే ఎగ్యా అమిసా బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని వచ్చాడు. నీళ్ళిచ్చారు. తాగి, వచ్చిన పని అడిగించుకున్నాడు.

"రాణమ్మ కంటే ముందు నీ కుడిచెయ్యి చచ్చిందంటున్నారు," అన్నాడు. "నిజమేనా నాయనా?"

"నిజమే ఎగ్యా. వేరే దారేమైనా ఉందా?"

"ఆవిడ బతికుంటే ఒక గొర్రెని తోలుకెళ్ళి కాళ్ళు పట్టుకునేవాళ్ళం. ఇప్పుడెవరి కాళ్ళు పట్టుకుంటావు, ఐసులో ఉన్న కాళ్ళా?" ముసలాయన గొంతులో కోపం లేదు, అందుకే అరబాకి భయం వేసింది. "మాట చెల్లకపోతే నానా దారిలో ఆగిపోతుంది. ఆగిపోయినావిడ ఒంటరిగా నిలబడదు. మాటిచ్చినవాడి ఇంటివైపే చూస్తూ నిలబడుతుంది."

"ముందు నన్ను తీసుకుపొమ్మను ఎగ్యా," అంది అరబా. "నాకూ ఆవిడకీ తేలని తగువులు చాలా ఉన్నాయి."

ఎగ్యా అమిసా కర్ర అందుకుని లేచాడు. "తీసుకెళ్ళేవాళ్ళు వరస అడగరు అరబా."

ఆ తర్వాత ఎబో రాసిన ఎడమచేతి పాట మడిచి గూట్లో పెట్టేశాడు. ఎప్పుడో నానా కోసం రెండు చేతులకీ కట్టిన పాతదాన్నే తీసి సాధన మొదలెట్టాడు. గోడకి ఇవతల అరబా వినేది. డోలు నడుస్తుండేది, ఆడది పాడుతుండేది, ఉన్నట్టుండి పాడుతున్న ఆడది గొంతు పట్టి నొక్కేసినట్టు ఆగిపోయేది. మళ్ళీ మొదలు. మళ్ళీ అక్కడే నొక్కుడు. కొన్నాళ్ళకి ఆ చోటు రాబోతుందంటే చాలు, ఆవిడ తన గొంతు తడుముకునేది.

సాగనంపే రోజు ఊరంతా ఎరుపూ నలుపూ కట్టింది. తుపాకులు పేలాయి. పియానోని మోసుకొచ్చి కోటవాకిట్లో, నానా ఎదురుగా పెట్టారు. పెద్దలు గొడుగుల కింద వరసగా కూర్చున్నారు. ఎబో వంగి దణ్ణం పెట్టి మొదలెట్టాడు.

ముందు రెండు చేతులూ నడిచాయి. అరబా ఆ రెండు వేళ్ళనే చూస్తోంది. ఆ చోటు వచ్చింది. చిటికెన వేలు ముడుచుకుంది, పక్కది దాని వెంట పోయింది, తర్వాత మధ్య వేలు కూడా. ఎబో చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఒక్కటే డోలు కొడుతూ మిగిలింది, పడవ బోల్తాపడ్డాక ఒక్క తెడ్డు తేలినట్టు. గొడుగుల కింద విసనకర్రలు ఆగాయి. ఎగ్యా అమిసా ఆ ఎడమచేతి వైపు చూసి, కర్ర మెల్లగా నేలకి దించాడు.

అక్రాలో అయితే కూర్చోబెట్టారు. ఇక్కడ అరబా బెంట్సివాని కూర్చోబెట్టే మగాడు ఇంకా పుట్టలేదు. ఆవిడ లేచింది. ఆగిపోయిన చోటే అందుకుంది. ఆ వరస అసలు తనదే గనక. మోషే సముద్రం దాటించిన కథలో నానాని పెట్టి, నీళ్ళు చీలాయి తల్లీ, చీర తడవకుండా నడువు, వెనక్కి చూడకు, మా గుమ్మాల వైపు చూడకు అని పాడింది. ఎదురింటి ఎకువా అందుకుంది. ఆ వెనక చేపల బజారు అందుకుంది. ఎరుపూ నలుపూ బట్టల్లో ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

అప్పుడు ఎబో ఎడమచేత్తో డోలు ఆపకుండానే, కుడిచెయ్యి ఒళ్ళోంచి తీసి పైకెత్తాడు. పియానో మీద కాక గాల్లో ఉంది గనక ఆ చెయ్యి విచ్చుకుంది. అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి. ఆ చేత్తో పాటని లేపాడు, దించాడు, ముందుకి తోశాడు. అలా తోస్తూ తోస్తూ నానా పల్లకీ లేచేదాకా, వాకిలి దాటేదాకా నడిపించాడు.

అయిపోయాక ఎగ్యా అమిసా దగ్గరికొచ్చాడు. ఎబోతో మాట్లాడలేదు, అరబాతోనే అన్నాడు.

"కుడిచెయ్యి లేచింది. నేను చూశాను, చూశానని చెబుతాను."

"అయితే సరిపోయిందిగా?"

"సరిపోయిందో లేదో చెప్పాల్సింది నేను కాదు."

తర్వాత నెలలు బాగానే గడిచాయి. ఊళ్ళో చెడు ఏదీ జరగలేదు. ఎబోకి మళ్ళీ పెంకితనం వచ్చింది. ఇక కుడిచేతితో పనిలేదు, ఎడమచేతికే కడతాను, కుడివైపు ఆడవాళ్ళ చేత పాడిస్తాను, అక్రా హాల్లో నువ్వే ముందు నిలబడాలి పెద్దమ్మా అనేవాడు. టై కట్టుకున్న కుర్రాణ్ణి ముందు బయటికి పంపితే ఆలోచిస్తానంది అరబా. పొగకి గొంతు బొంగురుపోయింది గానీ, లోలోపల సంబరంగానే ఉంది.

ఒక పొద్దున్న గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. లోపల బల్బు వెలుగుతున్న పాత పియానో మీద ఎబో కొత్త పాట కడుతున్నాడు. డోలు ఠీవిగా నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒక్క దెబ్బ తప్పింది, అట్టడుగున పలకాల్సింది. మళ్ళీ చుట్టుకొచ్చి అదే చోట తప్పింది.

అరబా తలెత్తి చూసింది. ఎడమచేతి చిటికెన వేలు ఎండకి వాడిన ఆకు అంచులా లోపలికి తిరుగుతోంది. ఎబో కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడికింకా తెలియలేదు. ఎడమచెయ్యి ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదే అనుకుంది ఆవిడ. సంతకి పోయే దారిలో గోడ మీద నానా బొమ్మ వానలకి సగం ఊడి, కళ్ళు మాత్రం మిగిలి, ఇటే చూస్తోంది.

పాట చుట్టు తిరిగి ఆ చోటుకి వస్తోంది. అరబా చేపని గిన్నెలో పడేసి, బొంగురు గొంతు సవరించుకుని, తప్పబోయే ఆ దెబ్బ మీదికి సరిగ్గా వచ్చేలా పాట ఎత్తుకుంది, ఆ తప్పు వాడికి వినపడకుండా.