తగ్గిపోయిన ముద్ద

2023, మిర్చి కోతల కాలం. ఒంగోలులో ఒక ఆసుపత్రి దంత విభాగంలో నేను చేరి అప్పటికి రెండేళ్లు. దవడ విరిగి వచ్చినవాళ్లకు మా దగ్గర వేరే రిజిస్టరు ఉండేది. అందులో ‘కారణం’ అన్న గడి చూస్తే చాలు, మనిషి ఏ పని చేస్తాడో చెప్పేయొచ్చు. కొత్తపట్నం వైపు పడవలవాళ్లయితే తెగిన తాడు దెబ్బ, హమాలీలయితే మీద పడ్డ మిర్చి బస్తా, హైవే పక్క ఊళ్ల కుర్రాళ్లయితే బైకు. ఆడవాళ్ల గడిలో మాత్రం ఎక్కువగా ‘జారిపడ్డాను’ అనే ఉండేది. వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి మళ్లీ అడిగేవాళ్లం. చిన్నపిల్లల పేర్లు అరుదు. అందుకే ఆ రోజు నాకు దవడ ఆలోచనే రాలేదు.

అద్దంకి దగ్గరి పల్లె నుంచి సుజాత అనే ఆమె ఐదేళ్ల కూతురు హాసినికి పుప్పి పన్నేమో చూడమని వచ్చింది. వెంట అత్తగారు.

“మూడు వారాల నుంచి సరిగ్గా తినట్లేదు మేడమ్,” అంది సుజాత.

“పన్నూ లేదు, గిన్నూ లేదు. మొండి! మా కోడలు గారం చేసి చెడగొట్టింది,” అంది అత్తగారు.

“ఏడుస్తుంటే ముద్ద చిన్నది చెయ్యమంది మీరేగా అత్తయ్యా?”

చీటీ రాయడం ఆపాను. మా నాలుగేళ్ల అమ్మాయి మారాం చేస్తే నేనూ అదే చేస్తాను.

“ముద్ద ముందెంత ఉండేది? ఇప్పుడెంత?”

“ముందు నిమ్మకాయంత. తర్వాత ఉసిరికాయంత. ఇప్పుడు రేగ్గాయంత అయితేనే నోట్లోకి పోతోందండీ.”

పాపను నోరు తెరవమన్నాను. రెండు వేళ్లు కూడా పట్టలేదు. తెరిచేటప్పుడు గడ్డం ఎడమకు లాగేసింది. గడ్డం కింద మానిన కుట్ల గీత!

“ఇదెప్పటిది?”

“అదా? నెల కిందట వాళ్ల నాన్న బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కల్లానికి తీసుకెళ్తున్నాడండీ. రోడ్డు మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. బ్రేకేసేసరికి దీని గడ్డం హ్యాండిల్‌కి కొట్టుకుంది. మా ఊరి ఆర్‌ఎంపీ మూడు కుట్లేశాడు. మానిపోయిందిగా!”

గడ్డానికి తగిలిన దెబ్బ గడ్డంతో ఆగదు. చెవి ముందు, దవడ పుర్రెను కలిసే చోట కాండైల్ అనే ఎముక కొస ఉంటుంది. దెబ్బ నేరుగా అక్కడికి పోతుంది. వెంటనే ఓపీజీ, అంటే దవడలు రెండూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, తీయించాను. తెర మీద బొమ్మ రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎడమ కాండైల్ విరిగి ఉంది! ముద్ద అలా చిన్నదవుతూ, నోరు తెరవడం తగ్గుతూనే ఉంటే ఆ కీలు అతుక్కుపోయి, పాప నోరు ఇక తెరుచుకోకపోయేది. ఇంకా సమయం ఉంది!

“ఆపరేషనా డాక్టరమ్మా?” అడిగింది అత్తగారు.

“అక్కర్లేదమ్మా. రోజూ నోరు తెరిపించాలి, అంతే.”

ఐస్‌క్రీం పుల్లలు పేర్చి పళ్ల మధ్య పెట్టడం నేర్పాను. వారానికో పుల్ల పెంచాం. నేను పుల్లల్లో కొలిస్తే సుజాత ముద్దల్లో చెప్పేది. రెండు నెలలకు ఫోన్ వచ్చింది.

“మేడమ్! నిమ్మకాయంత పెట్టాను. ముద్దతోపాటు నా వేలు కూడా కొరికేసింది!”

వెనక నుంచి అత్తగారు అరుస్తోంది: “కొరికితే కొరికింది, నువ్వింకా పెద్దది కలుపు!”

అప్పటినుంచి గడ్డం పగిలిన పిల్లలెవరొచ్చినా, ముద్ద ఎంత తింటున్నారని వాళ్లమ్మను ముందు అడుగుతాను. ఇంట్లో మా అమ్మాయి అన్నం వద్దంటే, ముద్ద చిన్నది చేసే ముందు ఒక్కసారి నోరు పెద్దగా తెరవమంటాను.