రెండింతల డబ్బా

ఈ సాయంత్రం మా నాలుగేళ్ళ పాప స్నానాల గదిలో కూర్చుని, చిన్న కేకు డబ్బాతో పెద్ద కేకు డబ్బాలోకి నీళ్ళు పోసుకుంటూ ఆడుకుంది. పెద్దది ఎంతకీ నిండకపోయేసరికి దానికి కోపం వచ్చింది. ఇప్పుడది నిద్రపోయింది, నాకే నిద్ర పట్టడం లేదు. మాటిమాటికీ దాని నుదురు తాకి చూడటం, స్నానం చేసేటప్పుడు నా ఒళ్ళు నేనే భయంభయంగా తడుముకోవడం నాకు ఏళ్ళనాటి అలవాటు. ఆ భయం ఈ రెండు డబ్బాల దగ్గరే మొదలైంది.

సికింద్రాబాదులో పెరిగిన మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. డిసెంబరు వచ్చిందంటే ఇళ్ళల్లో కేకు పిండి కలిపి, రేకు డబ్బాల్లో పోసి, పైన పేరు రాసిన చీటీ పెట్టి బేకరీకి పట్టుకెళ్ళేవాళ్ళం. అప్పట్లో ఇంట్లో ఓవెన్ ఎవరికుండేది! బొల్లారంలో మా వీధి చివరి బేకరీ ముందు ఆ డబ్బాలన్నీ వరుసలో ఉండేవి, దాల్చినచెక్క వాసన రోడ్డు దాకా వచ్చేది. అమ్మ బడిలో లెక్కలు చెప్పేది. నలుపలకల డబ్బాలో చేసిన మా కేకును స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా కోసి, క్రిస్మస్ రోజున వీధిలో ప్రతి ఇంటికీ పంపేది.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మ రొమ్ములో గడ్డ వచ్చింది. డిసెంబరులో రెండోసారి పరీక్ష చేసిన డాక్టరు, రెండు సెంటీమీటర్లున్నది నాలుగైందని చెప్పారు. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ నాన్న ధైర్యం చెబుతూనే ఉన్నారు. "రెండు కాస్తా నాలుగైంది, అంతేగా! ఇంత చిన్నదానికి బెంగ దేనికి?" అమ్మ బేగంపేట రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది, ఒక్క మాట కూడా అనలేదు. ఆ వారమే ఈసారి కేకు రెండింతలు చేద్దామని, ఎవరినీ వదలకుండా చుట్టాలకు కూడా పంపుదామని అంది. అమ్మకు ఏదో ఒకటి చెయ్యాలనిపించినందుకే నాన్న పొంగిపోయి, వెంటనే వెళ్ళి కొత్త డబ్బా చేయించుకొచ్చారు.

మంచం మీద నుంచి అమ్మ చెబుతుంటే పిండి నేనే కలిపాను. పిండి పోసిన కొత్త డబ్బాకు గుడ్డ కప్పి నాన్న గుండెలకు హత్తుకుని తీసుకెళ్ళారు. కాసేపటికి దాన్ని అలాగే వెనక్కి తెచ్చి, చిన్నబోయిన ముఖంతో బేకరీ అతను అన్నది అన్నట్టే చెప్పారు.

"ఏంది సార్ గిది, కేకు చేస్తున్నరా, దోశె పోస్తున్నరా? గింత పెద్ద డబ్బాల పిండి అడుగునే ఉన్నది!"

అమ్మ ఎన్ని నెలల తరువాతో పగలబడి నవ్వింది.

"రెండింతలన్నావు కదా అని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండింతలే పెట్టించాను. తప్పేముంది?" అని నాన్న ఉడుక్కున్నారు.

"మీరు లెక్కల టీచరు మొగుడని బయట ఎవరితోనూ అనకండి" అంది అమ్మ.

పిండిని గిన్నెలోకి మార్చి, బేకరీ వాళ్ళ మామూలు డబ్బాల్లో పోయిద్దామని నాన్న మళ్ళీ పరుగెత్తారు. అమ్మ మెల్లగా లేచి, పెద్ద డబ్బా కడిగించి, పాత చిన్న డబ్బాతో దాంట్లో నీళ్ళు పొయ్యమంది. నాకు ఘనపరిమాణాలు ఎప్పుడూ కొరుకుడు పడేవి కావు. పోస్తూ లెక్కపెట్టాను. ఎనిమిదోసారికి నీళ్ళు అంచు దాకా వచ్చాయి.

"పొడవుకో రెండు, వెడల్పుకో రెండు, ఎత్తుకో రెండు. పైకి చూస్తే రెండింతలే, లోపల ఎనిమిది రెట్లు. పరీక్షలో ఇది తప్పకుండా అడుగుతారు" అంది.

"గుండ్రంగా ఉన్నా అంతేనా అమ్మా?"

"బంతైనా అంతే. ఏ ఆకారమైనా..." అని ఆగిపోయింది. నేను తలెత్తి చూశాను. అమ్మ కొంగు లాక్కుని గుండెల మీద, గడ్డ ఉన్న చోట చేయి ఉంచుకుంది. ఆటోలో ఆ మౌనం దేనికో నాకు అప్పుడు అర్థమైంది. నాకు అర్థమైందని అమ్మకూ తెలిసిపోయింది. నా తడి చేతిని తన చీరకు తుడుస్తూ, "నాన్నకు ఈ లెక్క రాదు. చెప్పకు" అంది.

ఆ క్రిస్మస్‌కు అమ్మ అనుకున్న ఇళ్ళన్నిటికీ కేకు వెళ్ళింది. ఈస్టర్ నాటికి అమ్మ లేదు. నా పరీక్షలో ఆ లెక్క వచ్చింది, చేశాను కూడా.

బేకరీలో ఇప్పుడు ఇంటి పిండి తీసుకోరు. తిరుమలగిరిలో మా అపార్ట్‌మెంటులో ఎవరికి కేకు కావాలన్నా ఫోను తీస్తే చాలు, గుమ్మంలోకి వస్తుంది. పిండి ఎవరు కలిపారో, ఎవరి కోసం కలిపారో ఎవరికీ తెలియదు.

ఈ సాయంత్రం నాన్న వచ్చారు. పాప ముందున్న పెద్ద డబ్బా చూసి ముఖం వికసించి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. "ఇది నేనే చేయించానే తల్లీ! మీ అమ్మమ్మ రెండింతలు కావాలంది" అన్నారు.

"మరి ఎన్ని పోసినా నిండదేం తాతయ్యా?"

నాన్న నవ్వి నా వైపు చూశారు, లెక్కల టీచరు కూతురివి నువ్వే చెప్పమన్నట్టు. నేను కుళాయి కట్టేసి, పాపకు తువ్వాలు చుట్టి లోపలికి ఎత్తుకొచ్చేశాను.