కె అంటే కొట్టిండు

ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరంతో నేను కరీంనగర్‌లో ఒక గొర్రెపోతు ప్రాణం తీశాను, ఒక కాపురం నిలబెట్టాను, నా ఉద్యోగం దాదాపు ఊడగొట్టుకున్నాను. నమ్మరు కదా? వినండి.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. నేను మిషన్ దవాఖానలో అప్పుడే చేరిన గుమాస్తాను. మా అమెరికా డాక్టరు దొర బైబిల్ చదివి తెలుగు నేర్చుకున్నాడు. ఆయనకు ఉన్నట్టుండి తమ దేశపు బేస్‌బాల్ మీద బెంగ పుట్టింది. దవాఖానవాళ్లను ఒక జట్టుగా, ఊళ్లోని వకీళ్లను ఇంకో జట్టుగా మైదానంలో దింపాడు. బాగా కొట్టినవాడికి గొర్రెపోతు బహుమానం.

"నీవు ఆట లెక్క వ్రాయుము. నేను చెప్పిన అక్షరమే వ్రాయుము. గ్రహించితివా?"

"గ్రహించితిని దొరా" అన్నాను. గ్రహించింది గుండుసున్న.

మా దవాఖాన బండి తోలే యాకోబు మనిషి ఎలుగుబంటి, మనసు వెన్న. అతని మామ ఆ రోజే మంథని నుంచి దిగాడు.

"గీ పనికిరానోనికి పిల్లనిచ్చి పరేషానైతున్న. ఆట అయిపోంగనె బిడ్డను తోల్కపోత" అని అందరికీ వినబడేలా అన్నాడు. పక్కనే కూతురు శాంతమ్మ తల వంచుకుని కూర్చుంది.

యాకోబు బ్యాటు తిప్పాడంటే తుఫానే. ఆ గాలికి ఒక వకీలుగారి టోపీ ఎగిరిందని ఇప్పటికీ నా నమ్మకం. ఆట తెలియని జనం ఒకటే చప్పట్లు. దొర "కె!" అన్నాడు. రాశాను. యాకోబు మళ్లీ వచ్చాడు, మళ్లీ కె. బంతి ఎటు పోయిందో నాకు కనబడనే లేదు. అంత దూరం కొట్టాడనుకున్నాను!

ఆట ముగుస్తుండగా నర్సు పరుగున వచ్చింది. "ప్రసవము వచ్చినది! విజేతను నీవే ప్రకటించుము" అంటూ దొర దవాఖానకు పరుగెత్తాడు.

కాగితం చూశాను. యాకోబు పేరు పక్కన అన్నీ కె లే. కె అంటే ఇంకేముంటుంది? కొట్టిండు! బల్ల ఎక్కి అరిచాను.

"అందరికన్న ఎక్కువ కొట్టినోడు యాకోబు!"

"నేనా సారూ? నాకైతే బంతి తాకినట్టే అనిపించలే" అన్నాడు యాకోబు.

"నీ బలానికి బంతి తాకింది నీకు తెల్వలే!"

మామ తన కండువా తీసి అల్లుడి మెడలో వేశాడు. "మా అల్లుడు గింత మొనగాడని నాకు ఎర్కలేకపాయె!" ఆ రాత్రి అందరూ కలిసి గొర్రె కూర తిన్నారు. తెల్లారి మామ ఒక్కడే బస్సెక్కాడు.

అప్పుడు దొర కాగితం చూశాడు.

"కె అనగా బంతిని తాకకయే అవుట్ అయ్యెనని అర్థము! ఇతనికి బహుమానమిచ్చితివా?"

ఉద్యోగం పోయినట్టేనని చేతులు కట్టుకున్నాను. "వాపసు తీస్కుందామంటె... కూరైపోయింది దొరా."

ఆయన నవ్విన నవ్వుకు కుర్చీ వెనక్కి పడింది. లేచి, "అతనితో చెప్పకుము" అన్నాడు.

తాను మొనగాడినని నమ్మిన యాకోబు రోజూ ఎడ్లను విప్పాక సాధన మొదలుపెట్టాడు. మామ కూడా చూడవచ్చిన తర్వాతి ఆటలో అతను కొట్టిన బంతి నిజంగానే ప్రహరీ దాటిపోయింది. గంతులేస్తూ వచ్చి నా కాగితంలోకి తొంగి చూశాడు. ముఖం మాడిపోయింది.

"గింత దూరం కొడితె కె ఎయ్యలేదేంది సారూ? మా మామ చూస్తుండు!"

దొరవైపు చూశాను. ఆయన ఆకాశం చూస్తున్నాడు. వేశాను, సగం కాగితం నిండేంత కె.

అర్థం తెలియని అక్షరాన్ని ఇక జన్మలో పైకి చదవనని వేములవాడ రాజన్న సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. డాక్టర్ల చేతిరాత చూసినవాళ్లకే తెలుస్తుంది, దవాఖాన గుమాస్తాకు అదెంత కఠోరమైన ఒట్టో!