మిణుకుమన్న దీపానికి నల్ల టేపు

మా అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ అంటారు. తప్పు. ముక్కు మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు జారి కిందపడేది. ఆమె కోపం ఆమె చేతిలో ఉంటుంది, ఆ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పానా ఉంటుంది. బావ పోయాక నెల తిరక్కుండానే ఆయన మెకానిక్ షెడ్డు తలుపు తీసింది. ఆడదానివి నీకెందుకమ్మా ఈ గొడవ అన్న పక్క షెడ్డు మేస్త్రీకి పళ్ళు రెండు రాలాయి. ఆ మహానుభావుడే ఆర్నెల్లు తిరిగేసరికి తనకి అంతుపట్టని బండ్లన్నీ అక్క దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. మిగిలిన పళ్ళ మీద ప్రేమ కాబోలు.

ఆమె పని చూసి తీరాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వింటుంది. ఆ తర్వాతే స్కానర్ తగిలిస్తుంది. బండిలో ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో స్కానర్ ఒక కోడ్ నంబరుగా చూపిస్తుంది. ఆ నంబరును గోడ మీద సుద్దతో రాయకుండా ఎవరూ చెరపకూడదు. అది మా షెడ్డులో శాసనం. రోగం తెలుసుకోకుండా చెరిపేస్తే లైటు ఆరుతుంది, రోగం మాత్రం ఎక్కడికీ పోదు. ఆమె దగ్గరే పని నేర్చుకునే నా బుర్రకి ఈ ముక్క ఎక్కడానికి ఆమె నా నెత్తి మీద ఎన్ని మొట్టికాయలు వేసిందో లెక్కలేదు.

అయినా ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథే లేదు.

ఆ రోజు పొద్దున అక్క విడిభాగాల కొట్టుకి వెళ్ళింది. అప్పుడొచ్చాడు స్కూలు వ్యాను డ్రైవరు. పిల్లల్ని బడిలో దింపి నేరుగా వచ్చానన్నాడు. ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటోందనీ, హెడ్ మిస్ట్రెస్ కంటపడితే తన ఉద్యోగం ఊడుతుందనీ, ముందు ఆ లైటు ఆర్పమనీ ప్రాణం తీశాడు. స్కానర్ పెట్టాను. మూడో సిలిండర్ సరిగా మండటం లేదంది. చెరిపాను. ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే లైటు మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్ళీ చెరిపాను, మళ్ళీ వచ్చింది. మా వీధిలో ఇలాంటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. గోరంత నల్ల టేపు కత్తిరించి లైటు మీద అంటించాను. డ్రైవరు నన్ను వాటేసుకున్నంత పని చేసి వెళ్ళాడు. పెద్ద ఘనకార్యం చేసినట్టు నేనూ నవ్వుకున్నాను, వెధవని.

మధ్యాహ్నం అక్క వచ్చి స్కానర్ చేతిలోకి తీసుకుంది. బండిలో చెరిపినా స్కానర్‌లో మిగిలిపోయిన కోడ్ గోడ మీద లేదు. ఎవరిదని అడిగింది. రబ్బరు గొట్టంతో వీపు మీద మొదటి దెబ్బ పడగానే వ్యాను సంగతి చెప్పాను, రెండో దెబ్బకి టేపు సంగతి చెప్పాను.

"లైటు నిలకడగా వెలిగిందా, కొట్టుకుందా?"

"కొట్టుకుంది."

మూడో దెబ్బ గొట్టంతో కాదు, పిడికిలితో పడింది. పెదవి చిట్లింది. నిలకడగా వెలిగితే పొగలో ఏదో తేడా ఉందని, కొట్టుకుంటే బండి వెంటనే ఆపెయ్యమని అర్థం. నాకా తేడా తెలుసు, కానీ పట్టించుకోలేదు. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది. పొగను శుభ్రం చేసే డబ్బాలో పడి అక్కడ మండుతుంది. డబ్బా ఎర్రగా కాలుతుంది. ఆ వ్యానులో అది ఉన్నది సరిగ్గా పిల్లల కాళ్ళ కింద, ఒక రేకూ ఒక చాపా అడ్డం, అంతే. బడి వదిలే వేళయింది.

అక్క స్కూటర్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని బడి వైపు తోలిన తోలుడు ఇప్పటికీ మర్చిపోలేను. కూరగాయల బజారు మలుపులో వ్యాను కనబడింది. కింద నుంచి సన్నటి పొగ వస్తోంది. లోపల పదకొండుమంది పిల్లలు. అక్క వ్యాను పక్కకి వెళ్ళి ఆపమని అరిచింది. కొట్టడానికి వచ్చిందనుకున్నాడేమో, డ్రైవరు ఇంకా వేగం పెంచాడు. అక్క ముందుకెళ్ళి స్కూటర్‌ని అడ్డం తిప్పింది. నేను దూకేశాను. ఆమె దూకలేదు.

వ్యాను గుద్ది ఆగింది. అక్క స్కూటర్ కింద నుంచి కాలు లాక్కుని, కుంటుతూ లేచి, పానాతో డ్రైవరు పక్క అద్దం పగలగొట్టింది. కాలరు పట్టి వాణ్ణి కిందికి లాగింది. ఎదురు తిరిగితే మూతి మీద ఒక్కటిచ్చింది. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. జనం మూగారు. వాళ్ళకి కనబడింది పానా పట్టుకున్న ఆడమనిషీ, నెత్తురోడుతున్న డ్రైవరూ, ఏడ్చే పిల్లలూ. పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగది అని ఎవరో కేకేశారు.

ఇక చూసుకోండి. జుట్టు పట్టి రోడ్డు మీద పడేశారు. బూట్లతో తన్నారు. ఒకడు ఆమె పానా లాక్కుని దాంతోనే ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. కిందపడి దొర్లుతూ కూడా ఆమె తనని కొట్టొద్దనలేదు. పిల్లల్ని దింపండి, పిల్లల్ని దింపండి అని అరుస్తూనే ఉంది. ఆ అరుపు ఎవరికీ ఎక్కలేదు.

నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన నా పెదవి మీద నెత్తురు చూసి, నన్నూ కొట్టిందా అనీ, ఆవిడెవరో తెలుసా అనీ అడిగాడు. తెలుసంటే టేపు సంగతి బయటికొస్తుంది, ఆ బూట్లు నా మీదికి తిరుగుతాయి.

"తెలీదండీ" అన్నాను.

ఆ మాట అన్నాక ఇంకెంతసేపు కొట్టారో నేను చెప్పలేను. వ్యానులో చాప అంటుకున్నాకే ఆపారు. అప్పుడు అదే జనం ఎగబడి పిల్లల్ని కిటికీల్లోంచి లాగారు. ఒక పాపకి అరికాళ్ళు కాలాయి. మిగతా అందరూ క్షేమం. వ్యాను మాత్రం ఇనుప చట్రం మిగిలేదాకా తగలబడింది.

ఆసుపత్రిలో అక్కకి కుడికన్ను తీసేశారు. కుడిచేతి వేళ్ళు మూడు ఇక ముడుచుకోవన్నారు. షెడ్డులో టేపు వేశారని డ్రైవరు చెప్పాడట, అంటించింది ఎవరని ఇన్‌స్పెక్టర్ అడిగితే, షెడ్డు నాది, తప్పూ నాదే రాసుకోండి అంది. నేను మంచం పక్కనే నిలబడి విన్నాను.

ఇంటికి వచ్చిన మూడో రోజు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. బజార్లో ఒకాయన అడిగాడు అక్కా, నువ్వెవరో తెలీదన్నాను అని. ఏడ్చాను. తన్నమన్నాను. గోడకున్న రబ్బరు గొట్టం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

అక్క ఒంటికన్నుతో నన్ను చూసింది.

"నువ్వన్నది విన్నానురా. నీ గొంతు నాకు తెలీదా?" అంది. "టేపుకి కొట్టాను, సరిపోయింది. దీనికేం చెయ్యాలో నాకు తెలీట్లేదు."

గొట్టం పక్కన పెట్టి అటు తిరిగి పడుకుంది. నాలుగేళ్ళయింది. ఇద్దరం అదే షెడ్డులో పనిచేస్తున్నాం. ఎన్ని తప్పులు చేసినా ఆమె నా మీద చెయ్యెత్తలేదు.