తాతయ్య తుమ్మని ఆదివారం

నా చిన్నప్పుడు పాతబస్తీలోని ఉప్పుగూడలో చెప్పుకోదగ్గ చప్పుళ్లు రెండే ఉండేవి. ఒకటి రైలింజను కూత, రెండోది మా తాతయ్య తుమ్ము. కూతకు అలవాటుపడిపోయిన పావురాలు రెక్క కూడా కదిలించేవి కావు. తుమ్ముకు మాత్రం వీధి చివరి మసీదు మినారు మొదలుకొని మా రేకుల కప్పు దాకా ఒక్కటి మిగలకుండా లేచి, మళ్లీ దిగడానికి ధైర్యం చాలక ఆకాశంలోనే తిరుగుతూ ఉండేవి. తాతయ్య ముక్కు చిట్లించాడని కబురు అందితే చాలు, పాలు పితికే ఆయన గేదె కింది చెంబు తీసి చంకలో పెట్టుకునేవాడు. ఇందులో నేను కొంచెం పెంచి చెప్పి ఉండవచ్చు గాని, పావురాల సంగతి మాత్రం పచ్చి నిజం.

తాతయ్య రైలు గేటు దగ్గర గేట్‌మన్‌గా జీవితమంతా పనిచేశాడు. స్టేషన్ నుంచి గంట మోగగానే గేటు వేసేవాడు. అప్పటికి రైలు కనుచూపు మేరలో ఉండేది కాదు. గేటుకు రెండు వైపులా టాంగాలు, ఎడ్లబండ్లు, సైకిళ్లు ఆగిపోయేవి. ఒకసారి గుర్రమెక్కిన పెళ్లికొడుకు కూడా ఆగాడట. గేటు తీసేసరికి అతనికి గడ్డం పెరిగిందని మా బస్తీలో చెప్పుకునేవాళ్లు. అందరికంటే ఎక్కువ లొల్లి చేసేవాడు మూలమీది మిర్చి సేటు. తరతరాలుగా మిరపకాయల టోకు వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. ఆయన బొజ్జ ఆయనకంటే ముందు గేటు దగ్గరికి చేరేది.

"ఏంది పెద్దాయనా, రైలేడున్నది? నా కండ్లకైతే కుక్క గూడ కనబడ్తలేదు!"

"నాకూ కనబడ్తలేదు సేటు. గంటైతే కొట్టిండ్రు. వస్తది."

"కనబడని రైలుకు నా బండ్లెందుకు ఆపుతవయ్యా?"

తాతయ్య ఎర్రజెండా సరిగ్గా పట్టుకుని నిలబడేవాడు. రైలు రానే వచ్చేది. సేటు తలపాగా మీద ఇంత బొగ్గు చల్లి మరీ పోయేది.

ఆ వాదంలో నేను లోలోపల సేటు పక్షమే. ఎందుకంటే నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు 'ఎందుకు'. భూమ్మీద పడగానే అందరు పిల్లల్లా ఏడవకుండా, మంత్రసాని మొహంలోకి చూసి 'ఎందుకు?' అన్నట్టు కనుబొమ్మలెత్తానని అమ్మ అంటుండేది. బావి దగ్గరికి పోవద్దంటే ఎందుకు, ఎండలో ఆడొద్దంటే ఎందుకు. దేవుడు మన తండ్రి, తండ్రి మాట వినాలి అని ఆదివారపు బడిలో టీచరమ్మ చెప్పినప్పుడు కూడా చెయ్యెత్తి అదే అడిగాను. ఆమె నన్ను ముందు చాప మీద నుంచి గుమ్మం దగ్గరి చాప మీదికి మార్చింది. మరో రెండు ప్రశ్నలు వేసి ఉంటే నా చదువు వీధిలో సాగేది.

తాతయ్య మాత్రం, అంత మీసమున్న మనిషి, సాయంకాలం ప్రార్థనలో దేవుణ్ణి 'నాయినా' అని పిలిచేవాడు. అడ్డొస్తే పట్నమంతటినీ ఆపగల మనిషి మోకాళ్ల మీద వంగి చిన్నపిల్లాడిలా 'నాయినా, నువ్వెట్ల చెప్తె గట్ల' అంటుంటే నాకు నవ్వొచ్చేది. నవ్వు ఆపుకోవడానికి అమ్మ చెంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఆయన ఎడమ కన్ను ఏనాడో ఇంజను బొగ్గు నలుసు పడి పోయింది. పింఛను మీద ఇంటికి వచ్చాక మిగిలిన కుడి కంట్లో శుక్లం పెరిగింది. దవాఖానాలో ఆపరేషన్ చేసి, రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలకుండా పడుకోబెట్టారు. ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే అంత తతంగం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు చెప్పిన మాట మా ఇంటిల్లిపాదికీ ఊపిరాడనివ్వలేదు. మెల్లగా నడవచ్చు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా తుమ్మకూడదు. ఒక్క గట్టి తుమ్ము చాలు, కుట్టు తెగి ఉన్న ఒక్క కన్నూ పోతుంది.

చెప్పింది ఎవరికి? రైలు కూతతో పోటీపడే ముక్కుకు! పైగా ఆ ముక్కు ఎంత సుకుమారమంటే, మిరపకాయ వాసన అక్కర్లేదు, ఎవరైనా 'మిర్చి' అని పలికితే చాలు, దానికి జలదరింపు మొదలయ్యేది.

ఇక మా వీధి చూడాలి. అమ్మ పోపు మానేసింది. మేము ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని పప్పుకు బగారా వేయడం బంద్ చేసి, చప్పటి పప్పు తినలేక అలిగిన భర్తతో మాటలు కూడా బంద్ చేసింది. ఎదురింట్లో గుడి పూజారిగారి ముసలి తండ్రి నశ్యం పీల్చాలంటే పెరట్లోకి పోయి, తలుపేసుకుని, తలమీద దుప్పటి కప్పుకునేవాడు. పాతబస్తీ చరిత్రలో ఒక గల్లీ మొత్తం ఉప్పుతో సరిపెట్టుకున్న రోజులు అవే అయి ఉంటాయి. ఎవరినీ ఎవరూ అడగలేదు. వాళ్లంతట వాళ్లే చేశారు.

ఇంటికి వచ్చిన మర్నాడే తాతయ్య నన్ను మంచం పక్కకు పిలిచాడు. పింఛను రోజున గుర్తుగా తెచ్చుకున్న వెలిసిపోయిన ఎర్రజెండా నా చేతికిచ్చాడు. "నా కట్టు ఇప్పేదాక గేటు నీదే బిడ్డా. నువ్వు ఆగుమంటే ఆగుత, నడువుమంటే నడుస్త" అన్నాడు.

ఇంత రాజ్యం చేతికి వచ్చాక ఊరుకుంటానా? పట్టాభిషేకం జరిగిన గంటలోపే పరిపాలన మొదలుపెట్టాను. తులసికోట లేని మా చిన్న వాకిట్లో బట్టలుతికే బండ చుట్టూ ఆయన్ను చెయ్యి పట్టుకుని తిప్పాను. నడవమన్నాను, ఆగమన్నాను, ఏ కారణమూ లేకుండా మళ్లీ ఆగమన్నాను. కట్టు కట్టిన కళ్ల ముందు ఎర్రజెండా కూడా ఊపాను. ఆయన ఆగాడు. ఎంతసేపు ఆపితే అంతసేపు నిలబడ్డాడు. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. నాకు ఆ మౌనం నచ్చలేదు. నేనైతే ఈపాటికి వంద ఎందుకులు అడిగి ఉండేదాన్ని.

"ఎందుకని అడగవేంది తాతా?"

"గేట్‌మన్‌వు నువ్వు. నేను బండిని. బండి ఆగుతది గని అడుగుతదా?" అన్నాడు, నవ్వు మీసంలోనే అణచుకుంటూ. పెద్దగా నవ్వడం కూడా నిషేధమే.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం. తాతయ్య పోతానన్నాడు. నాన్న రైల్వే డ్యూటీలో ఉన్నాడు, అమ్మ ఒడిలో జ్వరంతో మా చిన్న తమ్ముడు. "ఇంటి గడప దాటొద్దు మామా" అని అమ్మ బతిమాలింది. మెల్లగా నడవచ్చని డాక్టరే అన్నాడు, గేట్‌మన్ తోడుంది, ఫికర్ చేయకు అని తాతయ్య బయలుదేరాడు. ఒక చేత్తో ఆయన చూపుడువేలు, మరో చేత్తో ఎర్రజెండా పట్టుకుని నేను ముందు నడిచాను.

సగం దారిలో చర్చి మొదటి గంట కొట్టారు. మూల తిరగ్గానే నేను టక్కున ఆగిపోయాను. మిర్చి సేటు కొట్టు ముందు ఆడవాళ్లు వరుసగా రోళ్లు వేసుకుని కారం దంచుతున్నారు. రోకళ్లు లేచి పడుతున్నాయి. గాలి ఎర్రగా ఉంది. ఆ కారాన్ని మా వీధిలో కురిపిస్తే ఖాలా వాళ్ల పప్పుకు ఏడేళ్లు సరిపోయేది. గాలి ఇంకా అటువైపే పోతోంది గనక వాసన మా దాకా రాలేదు.

"ఆగు తాతా!"

ఎత్తిన కాలు మెల్లగా దించి ఆగాడు. దారి మారుద్దామంటే రెండో దారిలో కంకర గుట్టలు, అక్కడ కాలు జారితే అంతే. వెనక్కి మళ్లితే సంస్కారం పోతుంది, ముందుకు నడిస్తే కన్ను పోతుంది. పోనీ ఎందుకు ఆపానో చెబుదామా అంటే, ఆ మాట పలికితే చాలు ముక్కు లేస్తుంది! జీవితంలో మొదటిసారి ఒక 'ఎందుకు'కు జవాబు నా దగ్గరుంది. దాన్ని నోరు విప్పి చెప్పడానికి మాత్రం లేదు.

రెండో గంట మోగింది. రెండో గంట తర్వాత చర్చిలో అడుగుపెట్టిన మనిషి కాదు మా తాతయ్య. ఆ గంటకు ఆయన ఒళ్లంతా ముందుకు వంగబోవడం నా చేతికి తెలిసింది. ఆయన వేలు నా పిడికిట్లో ఒకసారి కదిలింది. అంతే, మళ్లీ నిమ్మళించింది. నేను ఆగమన్నాను గనక ఆగాడు. నాకు ఏడుపొచ్చింది. అడుగు తాతా, ఒక్కసారి ఎందుకని అడిగి నన్ను తిట్టు అనిపించింది. ఆయన అడగలేదు.

అప్పుడే గాలి తిరిగింది. తాతయ్య మీసం కొనలు లేచాయి. ముక్కు విప్పారింది. పైన పావురాలు సర్దుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది.

"తాతా, ఊపిరి పట్టు! వెనక్కి తిరుగు! జెండా ముక్కుకు పెట్టుకో!"

మూడూ వరుసగా చేశాడు. ఊపిరి పట్టాడు, తిరిగాడు, నేను చేతిలో కుక్కిన ఎర్రజెండాను ముక్కుకు అదుముకున్నాడు. ఆయనకు జెండా దొరికింది, నాకేం దొరకలేదు. మా వంశపు తుమ్ము ఆస్తి పంపకాల్లో నాకే వచ్చినట్టుంది. తుమ్మానంటే తుమ్మాను! రోకళ్లు గాలిలోనే ఆగిపోయాయి, పావురాలు లేచిపోయాయి, సేటు బొజ్జ, ఆ వెనకే సేటు బయటికి పరుగెత్తుకొచ్చారు.

"అరే రామా! పెద్దాయన తుమ్మిండా? కన్నేమన్న అయ్యిందా?"

"తాత గాదు సేటు, నేను!"

"మరి గీడ నిలబడ్డరేందే? చర్చిల గంట గూడ అయిపాయె!"

నేను వేలుతో రోళ్లను చూపించాను. ఆయన చూసి, "ఓహో, మిర్..." అనబోతుంటే పెదాల మీద వేలు పెట్టుకుని కళ్లతోనే దండం పెట్టాను. సేటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సగం మాట మింగేశాడు. వెంటనే వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

"బంద్ కరో! రోకళ్లు దించుండ్రి! తడి గోనెలు కప్పుండ్రి, నీళ్లు చల్లుండ్రి!"

"ఎందుకు సేటు? సగం గూడ దంచకపోతిమి" అంది దంచేవాళ్లలో పెద్దామె.

"ఎందుకేందే? ఆగుమన్న గదా, ఆగు!"

గోనెలు పడ్డాయి, నీళ్లు పడ్డాయి, ఎర్ర గాలి నేలకు దిగింది. సేటు తన పైపంచె విప్పి మా ముందు విసురుతూ నడిచాడు. నవాబుకు కూడా అంత దర్జా జరిగి ఉండదు. కొట్టు దాటాక నిలబడి అన్నాడు, "ఎన్నేండ్లు నా బండ్లు ఆపినవ్ పెద్దాయనా! నేను మస్తు తిట్టిన. ఆపిన ప్రతిసారి రైలైతే వచ్చింది. ఇయ్యాల నేను ఒక్కపారి ఆగిన. నడువు, గేటు తీసిన."

తాతయ్య జెండా ముక్కు మీది నుంచి తీయకుండానే ఖాళీ చేత్తో సలాం చేశాడు. ఆ రోజు ఆయన జీవితంలో మొదటిసారి ఆలస్యంగా చర్చిలోకి వెళ్లాడు. పాస్టరు అయ్యగారు రొట్టె పళ్లెంతో ముందుకు వస్తున్నారు. నేను చెబితేనే ఆయన చెయ్యి చాపాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. గంట వినబడుతుంటే అంతసేపు నిలబెట్టాను గదా, నామీద కోపం రాలేదా అని.

"వచ్చింది బిడ్డా. గంట కొడుతుంటె కాళ్లు గుంజినయ్. ఎందుకాపినవో నాకేం ఎరుక? బర్రె అడ్డమొచ్చిందేమో అనుకున్న. గని నీ చెయ్యి చెమటపట్టి గజగజ వణుకుతుండె. నాకోసం గింత వణికే చెయ్యి నన్ను ఊకెనే ఆపది అనుకున్న. పైనున్న మా నాయిన గూడ గంతే. నన్ను ఏడ ఎందుకు ఆపిండో శానసార్లు చెప్పలే. చెయ్యైతే ఎన్నడు ఇడువలే." కాసేపు నడిచాక మళ్లీ అన్నాడు, "అడగొద్దని ఎవలన్నరు? మస్తుగ అడుగు. ముందుగాల ఆగు, ఆ తర్వాత అడుగు."

కట్టు విప్పిన రోజు డాక్టరు గది బయట మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తాతయ్య కన్ను చికిలించి, తలుపు దగ్గరున్న నన్ను చాలాసేపు చూశాడు. "గేట్‌మన్ ముక్కు చీదుకుంటలేదేంది?" అన్నాడు. అమ్మ అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేసింది. తర్వాత కొన్ని వారాలకు, డాక్టరు సరేనన్నాక, మా వాకిట్లో ఆయన తుమ్మిన మొదటి తుమ్ముకు ఖాలా తలుపు తీసుకుని బయటికొచ్చింది, పూజారిగారి తండ్రి దుప్పటి లేకుండా నశ్యం పీల్చాడు, సేటు కొట్టు నుంచి అందరికీ మిర్చీ బజ్జీలు వచ్చాయి. పావురాల సంగతి చెప్పక్కర్లేదు.

నాకు ఆ జబ్బు తగ్గలేదు. యాభై దాటినా 'ఎందుకు' అంటూనే ఉన్నాను. టీచరు ట్రైనింగుకు సీటు వచ్చిన ఏడాదే అమ్మ మంచాన పడింది. ఆమె దగ్గరే ఉండిపోవడం దేవుని చిత్తమని మనసుకు తెలిసిపోయినప్పుడు ఆయన్ను అడిగిన ఎందుకులు ఇన్నీ అన్నీ కావు. ఉండిపోయాక అడిగాను, అంతే తేడా. అలా ఆగిన కొన్ని గేట్ల దగ్గర రైలు వచ్చి పోవడం కళ్లారా చూశాను. కొన్నింటి దగ్గర ఇప్పటికీ కుక్క కూడా కనబడలేదు.

అయినా సాయంకాలం మోకాళ్లూని, ఇప్పుడు ఏ నవ్వూ లేకుండా, 'నాయినా' అని మొదలుపెట్టినప్పుడు నా చేతిని పట్టుకున్న చెయ్యి నాకు తెలుస్తుంది. ఒక పసిదాని చెయ్యే ఒక ముసలాయన కన్ను కోసం అంత చెమటపట్టింది గదా, కన్నతండ్రి చెయ్యి ఇంకెంత బిగించి పట్టుకుని ఉంటుంది! ఆ బిగువు తెలిసినంతసేపు ఎత్తిన కాలు మెల్లగా దించి ఆగుతాను. ఆ తర్వాత, తాతయ్య అనుమతితో, తీరిగ్గా అడుగుతాను.